అప్పుకు దరఖాస్తు పెట్టే ముందే సిబిల్ నివేదిక సరిచేసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇల్లు కట్టుకోవడానికో, పిల్లల చదువుకో, చిన్న వ్యాపారానికో అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కినవాళ్లు ‘మీకు సిబిల్ లేదండీ’ అన్న ఒక్క మాటతో వెనక్కి తిరిగి రావడం మన ఊళ్లలో మామూలైపోయింది. జనం నోట సిబిల్ అంటే మనం అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే నివేదిక, దాన్ని బట్టి వేసే స్కోరు; అది బాగాలేదని ఆ మాటకు అర్థం. అలా వచ్చినవాళ్లలో చాలామందికి తమ పేరు మీద ఏం నమోదై ఉందో, దాన్ని ఎవరు నమోదు చేశారో, అందులో తప్పుంటే ఎవరిని అడగాలో తెలియదు. ఈ అయోమయాన్ని ఆసరా చేసుకుని ‘నెల రోజుల్లో మీ సిబిల్ 800 చేయిస్తాం’ అంటూ కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించేవాళ్లు, ఫోన్లకు సందేశాలు పంపేవాళ్లు, పత్రికల్లో రెండు లైన్ల ప్రకటనలు వేయించేవాళ్లు బయల్దేరారు. బ్యాంకు రుణ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైన నేను ఈ విషయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. స్కోరును డబ్బుకు పెంచిపెట్టగలిగినవాళ్లు ఎవరూ లేరు. అప్పు కావలసిన రోజుకు కనీసం ఆరు నెలల ముందు మన నివేదికను మనమే తెప్పించుకుని, అందులోని తప్పులను సరిచేయించుకుని, నిజమైన బాకీలను తీర్చుకుంటే అది మెరుగుపడుతుంది. ఆ పనికి కావలసిన హక్కులన్నీ ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి.

ముందుగా ఈ స్కోరు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. మన దేశంలో వ్యక్తుల రుణ సమాచారాన్ని సేకరించి భద్రపరచడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. వీటిలో సిబిల్ 2000లో ఏర్పడింది. అన్నిటికంటే ముందు వచ్చింది కాబట్టి దాని పేరే అందరి నోళ్లలో నానింది గానీ, అప్పులిచ్చే బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఈ నాలుగింటికీ సమాచారం పంపాల్సిందే. 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరును ఈ సంస్థలు తమ సొంత అభిప్రాయంతో వేయవు. అప్పిచ్చినవాళ్లు పంపిన ఖాతాల లెక్కను బట్టి వేస్తాయి. అప్పు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది కూడా ఇవి కాదు, బ్యాంకే. కాబట్టి స్కోరు తక్కువగా ఉందంటే ఏదో ఒక ఖాతాలో ఏదో ఒక నమోదు అందుకు కారణమై ఉంటుంది. ఆ నమోదు నిజమా, కాదా అని తేల్చుకోవడమే మొదటి పని.

ఇందుకు పైసా ఖర్చు లేదు. 2017 నుంచి ఈ నాలుగు సంస్థల్లో ప్రతిదీ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే మూడు నెలలకొక సంస్థ చొప్పున అడిగినా ఏడాది పొడవునా ఒక కన్ను వేసి ఉంచవచ్చు. మన నివేదికను మనం చూసుకుంటే స్కోరు పడిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. కొత్త అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు అప్పిచ్చేవాళ్లు తెప్పించుకున్న నివేదికలే లెక్కలోకి వస్తాయి, మనం తెప్పించుకున్నవి రావు. ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలోకే వెళ్లి తీసుకోవడం మాత్రం మంచిది. మధ్యలో ఉండే యాప్‌లు ‘ఫ్రీ స్కోరు’ చూపించి, ఆ తర్వాత రోజూ అప్పు కావాలా అని ఫోన్లు చేస్తుంటాయి.

నివేదిక చేతికి రాగానే అందరూ పెద్దక్షరాల్లో ఉన్న స్కోరునే చూస్తారు. బ్యాంకులో కూర్చున్నవాడు లోపలి పేజీలు చూస్తాడు. అక్కడ ఒక్కో అప్పుకు ఒక్కో పట్టిక ఉంటుంది: ఇచ్చిన సంస్థ, ఖాతా తెరిచిన తేదీ, మంజూరైన మొత్తం, ఇంకా తీర్చాల్సిన బాకీ, గడువు మీరిన మొత్తం. దాని కింద నెలవారీ గళ్లు మూడేళ్లవి వరుసగా ఉంటాయి. వాయిదా సకాలంలో కట్టిన నెలలో మూడు సున్నాలు కనిపిస్తాయి, ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె కనిపిస్తుంది. 90 రోజులు దాటిందంటే అది మొండి బాకీ కింద లెక్క. మూడేళ్ల గళ్లలో ఎక్కడో పాతకాలంలో ఒక 15 కనిపించినా దరఖాస్తును పక్కన పెట్టే మేనేజర్లు అరుదు. కానీ నిన్న మొన్నటి నెలల్లో 30, 60 కనిపిస్తే మాత్రం, స్కోరు బాగానే ఉన్నా, ప్రశ్నలు తప్పవు.

మా వీధిలో ఉండే అంగన్‌వాడీ టీచరు ఒకరు ఇల్లు కట్టుకోవడానికి అప్పు కావాలని నా దగ్గరకు వచ్చినప్పుడు, దరఖాస్తు పెట్టకముందే ఆవిడ నివేదికను ఇద్దరం కలిసి తెరిచాం. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో పర్సనల్ లోను, బంగారం మీద అప్పు, రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడో పట్టిక కొడుకు కోసం తన పేరు మీద తీసుకున్న మోటార్‌సైకిల్ అప్పుది. చివరి వాయిదాలన్నీ ఒకేసారి కట్టేసి రసీదు తీసుకున్న ఆ ఖాతా ఇంకా తెరిచే ఉంది, గడువు మీరిన బాకీ 590 రూపాయలు అని ఉంది. ఎప్పుడో ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి పోయినందుకు వేసిన 500 రూపాయల రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ. ఆ సంగతి కౌంటర్లో డబ్బు కట్టించుకున్నవాళ్లు చెప్పలేదు, తర్వాత ఉత్తరమూ రాలేదు. నెలవారీ గళ్లలో మాత్రం ఆలస్యం 30 దాటి, 60 దాటి, 90 కూడా దాటిపోయింది. ఐదువందల తొంభై రూపాయల కోసం మొండి బాకీదారుగా నమోదైపోయారు ఆ టీచరు గారు. ఆ స్థితిలో నేరుగా గృహ రుణానికి దరఖాస్తు పెట్టి ఉంటే ‘సిబిల్ లేదు’ అన్న జవాబే వచ్చేది, కారణం ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆవిడ రెండు పనులు చేశారు. రుణ సమాచార సంస్థ వెబ్‌సైట్లోనే ఆ ఖాతా మీద ఫిర్యాదు నమోదు చేసి, పూర్తిగా కట్టినట్టున్న రసీదును జతచేశారు. ఆ ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఇదే విషయం రాసి, ఖాతా ముగిసినట్టు పత్రం, ఆర్‌సీ మీద తాకట్టు తొలగించడానికి కావలసిన కాగితం అడిగారు. కంపెనీ ఆ రుసుమును రద్దు చేసి, ఖాతా ముగిసినట్టు సమాచారం పంపింది, గళ్లలోని అంకెలనూ సవరించింది. ఏ ఏజెంటుకూ ఆవిడ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఇలాంటి ఫిర్యాదులకు రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది. 2023 అక్టోబరులో జారీ చేసి 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి తెచ్చిన ఆదేశం ప్రకారం, ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా అది పరిష్కారం కాకపోతే, ఆ తర్వాత గడిచే ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలి. అందులో అప్పిచ్చిన సంస్థ 21 రోజుల్లోగా సరైన సమాచారం పంపాలి. అది పంపకపోతే పరిహారం దాని మీద పడుతుంది, అది పంపినా రుణ సమాచార సంస్థ గడువులోగా సరిచేయకపోతే దీని మీద పడుతుంది. ఫిర్యాదు పరిష్కారమైన ఐదు పనిదినాల్లో ఆ డబ్బు మన ఖాతాలో జమ కావాలి. సవరణకు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కారణం చెప్పాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే ఖాతాదారుల ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార సంస్థలు కూడా ఆ అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ఫిర్యాదు పెట్టిన రోజు వచ్చే నంబరును, తేదీని రాసి ఉంచుకోవాలి. నోటిమాటగా బ్రాంచిలో చెప్పి వచ్చిన దానికి లెక్క ఉండదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఎదురయ్యే మరో చిక్కు పేర్లది. పాన్ కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్ మీద పూర్తిగా, పాత బ్యాంకు పాస్‌బుక్కులో అసలు లేకుండా ఉన్న మనుషులు ఊరికి పదిమంది ఉంటారు. ఒకే ఇంటిపేరు, తాతగారి పేరు పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు అంచనాగా వేసిన పుట్టిన తేదీలు, ఊరి పేరు తప్ప ఇంటి నంబరు లేని చిరునామా, ఇవన్నీ కలిసినప్పుడు ఒకరి అప్పు మరొకరి నివేదికలోకి ఎక్కే ప్రమాదం ఉంది. అప్పు తీసుకునేటప్పుడు పాన్ నంబరు ఇవ్వని పాత ఖాతాల విషయంలో ఇది మరీ ఎక్కువ. అందువల్ల నివేదికలో అప్పుల పట్టికల కంటే ముందు ఉండే పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోన్ నంబర్లు, చిరునామాల పేజీని కూడా ఓపికగా చదవాలి. మనది కాని ఫోన్ నంబరో, ఎన్నడూ ఉండని ఊరి చిరునామానో కనిపిస్తే మనది కాని అప్పు కూడా అందులో ఉందేమో వెతకాలి.

ఇక నిజమైన బాకీల మాట. ఇక్కడ దగ్గరి దారి లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మకూడదు. పాత క్రెడిట్ కార్డు బాకీని సగానికో పావుకో తగ్గించి వసూలు చేసుకున్న కంపెనీ ‘ఇక మీకు మాకు లెక్క లేదు’ అంటుంది. లెక్క లేకపోవడం నిజమే గానీ, నివేదికలో ఆ ఖాతా పూర్తిగా తీరినట్టు కాకుండా ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. తర్వాత అప్పిచ్చేవాళ్లు దాన్ని ‘ఈయన అనుకున్నంత కట్టలేదు’ అని చదువుకుంటారు. రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలన్నది నియమం కాబట్టి ఆ మాట చాలాకాలం వెంటాడుతుంది. చేతిలో డబ్బు ఆడుతున్నవాళ్లు, పెద్ద అప్పుకు వెళ్లే ముందు, ఆ సంస్థను సంప్రదించి మిగిలిన మొత్తం కట్టి, ఖాతా పూర్తిగా ముగిసినట్టు రాయించుకోవడం మేలు. నిజంగా కట్టలేని కష్టంలో ఉన్నవాళ్లకు సెటిల్‌మెంటు తప్పు కాదు. కానీ దాని ఫలితం ఏమిటో సంతకం పెట్టే ముందు చెప్పాల్సిన బాధ్యత వసూలు చేసుకునేవాళ్లది, ఆ బాధ్యతను చాలామంది నెరవేర్చడం లేదు.

క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు బిల్లు పూర్తిగా కడుతున్నా స్కోరు ఎందుకు పెరగడం లేదని అడుగుతుంటారు. 50 వేల పరిమితి ఉన్న కార్డు మీద ప్రతినెలా 45 వేలు వాడితే, బిల్లు తయారైన రోజున ఉన్న బాకీ రుణ సమాచార సంస్థలకు చేరి, ఈ మనిషి ఎప్పుడూ అంచు దాకా అప్పులో ఉన్నాడన్నట్టు కనిపిస్తుంది. పరిమితిలో మూడోవంతు దాటకుండా చూసుకోవడం, పెద్ద ఖర్చు చేసిన నెలలో బిల్లు రాకముందే కొంత కట్టేయడం మంచి అలవాటు. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోవడం స్కోరును కాపాడినట్టు కనిపించినా, నెలకు మూడు శాతానికి పైబడిన వడ్డీ ఇంటిని గుల్ల చేస్తుంది. అప్పుకు వెళ్లబోయే ఆరు నెలల్లో వాయిదాల మీద కొత్త ఫోను, కొత్త టీవీ కొనకపోవడం, లోన్ యాప్‌ల జోలికి పోకపోవడం, ఐదారు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టకపోవడం కూడా ఇందులో భాగమే. ఒక దరఖాస్తు తిరస్కరించారని కోపంతో ఆ వారంలోనే మరో నాలుగు చోట్ల పెడితే, ఆ విచారణలన్నీ నివేదికలో తేదీలతో సహా వరుసగా పడి, చూసేవాడికి ఈ మనిషి డబ్బుకు కటకటలాడుతున్నాడన్న అభిప్రాయం కలిగిస్తాయి.

అన్నిటికంటే మన సమాజంలో లోతుగా పాతుకుపోయిన సమస్య జామీను సంతకం. బావమరిది ట్రాక్టరు అప్పుకు, తోటి ఉద్యోగి పర్సనల్ లోనుకు, మేనత్త కొడుకు దుకాణం అప్పుకు ‘ఒక్క సంతకమే కదా’ అని పెట్టేవాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. మాట కాదనలేని మొహమాటం అది, అందులో మంచితనమూ ఉంది. అయితే హామీదారుగా పెట్టిన ఆ సంతకంతో ఆ అప్పు మన నివేదికలో కూడా చేరుతుంది. అసలు మనిషి వాయిదా ఎగ్గొట్టిన ప్రతి నెలా ఆ మచ్చ మనకూ పడవచ్చు. ఊళ్లో అడిగితే సమాధానం చెప్పే బంధుత్వం ఉన్నప్పుడు, ‘అన్నయ్యా, నీ అప్పు నా పేరు మీద కూడా ఉంది, ఈ నెల కట్టావా’ అని అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. జామీను పెట్టిన అప్పులను కూడా తన అప్పులంత జాగ్రత్తగా నివేదికలో చూసుకోవాలి.

దీనికి దగ్గరి బంధువే విదేశీ విద్యా రుణం. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లల అప్పుల్లో తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా ఉంటారు. చదువు కాలం, ఆ తర్వాత సాధారణంగా ఏడాది దాకా వాయిదాలకు విరామం ఉంటుంది కాబట్టి ఇంట్లో ఆ అప్పు సంగతే మరిచిపోతారు. విరామం ముగిసేనాటికి అబ్బాయికి అక్కడ ఉద్యోగం దొరక్కపోతే, తొలి వాయిదాలోనే ఆలస్యం మొదలవుతుంది. అమ్మానాన్నలను బాధపెట్టడం ఇష్టంలేక పిల్లలు చెప్పరు, చరవాణికి వచ్చిన ఆంగ్ల సందేశాలను పెద్దవాళ్లు చదవరు. రెండేళ్ల తర్వాత అమ్మాయి పెళ్లికో ఇంటి మరమ్మతుకో తండ్రి బ్యాంకుకు వెళ్తే అప్పుడు బయటపడుతుంది. అక్కడి స్కోరు వేరు, ఇక్కడి స్కోరు వేరు. అబ్బాయి అమెరికాలో కార్డు బిల్లులు ఎంత సకాలంలో కట్టినా ఆ మంచిపేరు ఇక్కడి నివేదికలోకి రాదు, ఇక్కడి ఆలస్యం మాత్రం తండ్రీకొడుకులిద్దరి పేరు మీదా ఉంటుంది. విరామ కాలం ఏ నెలతో ముగుస్తుందో ఇంటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోవాలని, మొదటి నాలుగైదు వాయిదాలకు సరిపడా డబ్బు ముందే ఆ ఖాతాలో ఉంచాలని ఇలాంటి తల్లిదండ్రులందరినీ కోరుతున్నాను. ఉద్యోగం దొరక్కపోతే వాయిదా తప్పకముందే బ్యాంకుకు రాసి విరామం పొడిగించమని అడగవచ్చు. తప్పిన తర్వాత అడిగితే గళ్లలో పడిన అంకె చెరిగిపోదు.

రైతుల విషయం ఇంకా సున్నితమైనది. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ప్రకటించిన రుణమాఫీ సొమ్ము విడతలవారీగా విడుదలైంది. మాఫీ వస్తుందన్న ఆశతో పంట రుణాన్ని రెన్యువల్ చేయించుకోని రైతుల ఖాతాలు ఆ మధ్యకాలంలో గడువు మీరిపోయాయి. 2024లో తెలంగాణలో రెండు లక్షల వరకు మాఫీ చేసినప్పుడు అంతకు మించి బాకీ ఉన్నవాళ్లు పై మొత్తాన్ని ముందు కట్టాలన్నారు, అది కట్టలేకపోయినవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. ప్రభుత్వాల నిర్ణయాల మీద వ్యాఖ్యానించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కానీ ఆ ఎదురుచూపు రైతు నివేదికలో ఆలస్యంగానే నమోదవుతుందని, సకాలంలో కట్టినవారికి వచ్చే మూడు శాతం వడ్డీ రాయితీ కూడా పోతుందని చెప్పకుండా ఉండలేను. మాఫీ వర్తించిన రైతులు ట్రాక్టరుకో డెయిరీకో అప్పు అడగబోయే ముందు, ఆ పంట రుణ ఖాతాలో గడువు మీరిన మొత్తం సున్నా అని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మాఫీ పత్రాన్ని జతచేసి బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. డ్వాక్రా అక్కచెల్లెళ్లకు కూడా ఇదే చెబుతున్నాను. స్వయం సహాయక సంఘాల సభ్యుల వివరాలను కూడా రుణ సమాచార సంస్థలకు పంపాలని రిజర్వ్ బ్యాంకు 2016లోనే చెప్పింది కాబట్టి, సంఘం అప్పు సంఘానిదే, నాకేం సంబంధం అనుకోవడానికి వీల్లేదు.

ఇంతవరకు ఎన్నడూ అప్పు చేయనివాళ్ల పరిస్థితి మరొకటి. వాళ్ల నివేదికలో స్కోరు ఉండదు; అది చెడ్డ స్కోరు కాదు, చరిత్ర లేకపోవడం మాత్రమే. తొలిసారి అప్పు అడిగేవాళ్లను కేవలం రుణ చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి నాటి ఆదేశాల్లో బ్యాంకులకు సూచించింది. అదే సంగతిని కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి ఆ ఏడాది ఆగస్టులో లోక్‌సభకు తెలియజేశారు. అయినా పెద్ద అప్పుకు ముందు ఒక చిన్న చరిత్ర ఏర్పరచుకోవాలనుకునేవాళ్లు, తమ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని సరుకులకు వాడి నెలనెలా పూర్తిగా కట్టవచ్చు, లేదా బ్యాంకులోనే కొద్దిపాటి బంగారు రుణం తీసుకుని గడువులోగా విడిపించుకోవచ్చు. కేవలం స్కోరు కోసం అవసరం లేని అప్పు వడ్డీకి తీసుకోమని నేను చెప్పను.

ఈ శ్రమంతా ఎందుకని అడిగేవారి కోసం ఒక లెక్క. 30 లక్షల గృహ రుణం 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. అదే 9 శాతమైతే సుమారు 26,992. నెలకు 957 రూపాయల తేడా, 20 ఏళ్లలో దాదాపు 2 లక్షల 30 వేలు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు మారే వడ్డీతో ఇచ్చే కొత్త గృహ రుణాల రేటును రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి రేటుకు ముడిపెట్టారు. దాని మీద ఒక్కో బ్యాంకు కలిపే అదనపు శాతం మాత్రం అప్పు తీసుకునేవాడి రుణ చరిత్రను బట్టి మారుతుంది. చాలా బ్యాంకులు స్కోరు శ్రేణుల వారీగా వడ్డీ రేట్లు ప్రకటిస్తున్నాయి కూడా. సాధారణంగా 750 దాటినవారికి తక్కువ రేటు దొరుకుతుంది. సరైన రసీదు ఒకటి దాచుకోకపోవడం వల్ల ఒక మధ్యతరగతి కుటుంబం ఇంత మూల్యం చెల్లించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆరు నెలలు అని ఎందుకన్నానంటే, ఫిర్యాదుకు 30 రోజులు, అది ఎటూ తేలకపోతే పై మెట్టుకు మరికొంత కాలం, బాకీ తీర్చాక కొత్త సమాచారం చేరడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఇదివరకు నెలకొకసారి పంపే సమాచారాన్ని 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టడంతో ఈ పని కొంత వేగవంతమైంది. కానీ ఆలస్యాల తర్వాత వరుసగా కొన్ని నెలలు సకాలంలో కట్టినట్టు కనిపించడానికి ఆ నెలలు గడవాల్సిందే.

అప్పు నిరాకరించినప్పుడు కారణం అడిగే హక్కు కూడా మనకుంది. తిరస్కరణకు ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలన్న నియమాన్ని రిజర్వ్ బ్యాంకు మొదట చిన్న రుణాలకు పెట్టి, 2007లో అన్ని రుణాలకూ వర్తింపజేసింది. బ్యాంకు మన గురించి తెప్పించుకున్న నివేదిక నకలు అడగడానికి 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టమే వీలు కల్పించింది. ఇన్ని ఉన్నా, కౌంటర్ దగ్గర ఇప్పటికీ వినిపించేది ‘సిబిల్ లేదు’ అన్న మాటే. సిబ్బంది కొరత, పని ఒత్తిడి నాకు తెలియనివి కావు. అయినా ఏ ఖాతా వల్ల, ఏ నెల ఆలస్యం వల్ల అప్పు ఇవ్వలేకపోయారో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అలాగే అప్పు పూర్తిగా తీరిన రోజునే, ఖాతాదారు అడగకపోయినా, ముగింపు పత్రం చేతిలో పెట్టే అలవాటు ప్రతి బ్యాంకూ ఫైనాన్స్ కంపెనీ చేసుకోవాలి. ఆస్తి పత్రాల విషయంలో, అప్పు తీరిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అంత పట్టుదల చిన్న అప్పుల ముగింపు పత్రాల విషయంలోనూ ఉండాలి.

చివరిగా మీకు, జిల్లా అధికారులకు రెండు వినతులు. స్కోరు పెంచిపెడతామనే ఏజెంట్ల ప్రకటనలను మీ పత్రికలో స్వీకరించవద్దని కోరుతున్నాను. వాళ్లు అడిగేది పాన్, ఆధార్ నకళ్లు, ఫోనుకు వచ్చే ఓటీపీ; చేసేది మనం ఉచితంగా పెట్టుకోగల ఫిర్యాదునే మన పేరుతో పెట్టడం. నిజమైన బాకీని తుడిచేసే అధికారం వాళ్లకు లేదు, రుణ సమాచార సంస్థలకు కూడా లేదు. రెండోది, ప్రతి జిల్లాలో, అక్కడి బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాలు ఉన్నాయి, గ్రామాల్లో శిబిరాలు నడుపుతున్నాయి. ఆ శిబిరాల్లో ఇప్పుడు చెప్పే పొదుపు, బీమా, ఓటీపీ మోసాల విషయాలతో పాటు, హాజరైనవారి ఫోన్లలోనే వారి ఉచిత నివేదికను తెరిచి చూపించి, తెలుగులో చదివి వినిపించి, తప్పులుంటే అక్కడికక్కడే ఫిర్యాదు నమోదు చేయించాలి. మా జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు గారు ఈ పనికి ముందుకు వస్తే, రిటైరైన మా బ్యాంకు ఉద్యోగులం కొందరం ఏ మండలానికైనా వచ్చి సాయపడటానికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు అధికారి,
ఖమ్మం